నాలుగు వాటాల అత్తయ్య

ప్లంబరు పనిమంతుడని అతనితో పోట్లాడినవాళ్లు కూడా ఒప్పుకుంటారు. గోడకు చెవి ఆనించి, లోపల నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చెప్పేస్తాడు. చెప్పినచోట పగలగొడితే లీకు అక్కడే ఉంటుంది, జానెడు అటూ ఇటూ కాదు. వీధిలో చిన్నా పెద్దా అందరూ అతన్ని "పైపుల మామ" అంటారు. పెళ్లిచూపులనాడు భార్య కూడా పొరపాటున అలాగే పిలిచి నాలిక కరుచుకుందట.

సంపాదనకు లోటు లేదు. సంపాదించింది నిలవడమే లేదు. సోమవారం నుంచి జేబు నిండుతూ వస్తుంది, ఆదివారం సాయంత్రానికి ఖాళీ. చేతికి ఎముక లేని మనిషి. ఎవరైనా అడిగితే ఇస్తాడు. ఎవరూ అడగకపోతే "ఏం, దిగులుగా ఉన్నావు?" అని తనే అడిగి మరీ ఇస్తాడు. కూతురికి ఒక సైకిలుండగా ఇంకో సైకిలు కొన్నాడు, రంగు బాగుందని. మందుల షాపులో పనిచేసే భార్య జీతంతోనే ఇల్లు గడుస్తోంది. అతని డబ్బుతో పండగలా ఉంటుంది, అంతే.

భక్తికి మాత్రం కొదవలేదు. ఊహ తెలిసినప్పటినుంచి ఒక్క ఆదివారం కూడా ఆరాధన మానలేదు. రెండో వరసలో కూర్చుని గొంతెత్తి పాడితే కిటికీ అద్దాలు అదిరేవి. అయితే అతని ప్రార్థనలో ఒకటే కోరిక. "ప్రభువా, ఒక్కసారి, ఒకే ఒక్కసారి పెద్ద మొత్తం చేతికి వచ్చేలా చెయ్యి. సామాన్లు పెట్టుకునే వ్యాను కొనుక్కుంటాను. ఆ తర్వాత ఏమీ అడగను." ఊరికే ప్రార్థిస్తే దేవుడికి ఇబ్బందవుతుందేమోనని లాటరీ టికెట్టు కూడా కొనేవాడు. కొని, వాక్యం చదివే పుస్తకంలోనే భద్రంగా దాచేవాడు. ఒక ఆదివారం పేజీ తిప్పుతుంటే ఆ టికెట్టు ఫ్యాను గాలికి ఎగిరి తిన్నగా వెళ్లి పాస్టరుగారి కాళ్ల దగ్గర పడింది. ఆయన వంగి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "తమ్ముడూ, ప్రసంగం నోట్సు పడిపోయినట్టుంది" అని తెచ్చి చేతిలో పెట్టారు. వారంపాటు ప్లంబరు భార్య తల ఎత్తుకుని వీధిలో నడవలేదు.

అతను జాలిపడే మనిషి ప్రపంచంలో ఒకరున్నారు. అత్తగారు. ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్లు దుప్పట్లు ఉతికింది. సోడా నీళ్లకు అరచేతులు తెల్లగా ముడతలుపడి ఉంటాయి. మొగుడు పోయి చాలా కాలమైంది. రెండేళ్ల కిందట పని మానేసింది. ఒక్క గదిలో ఒక్కతే ఉంటుంది. రెండుసార్లు అట్టలు మార్పించిన చెప్పులు, జిప్పు ఊడితే పిన్నీసు పెట్టిన సంచీ. బస్సున్నా నడుస్తుంది, నడవలేకపోతే కాసేపు కూర్చుని మళ్లీ నడుస్తుంది. ప్రతి ఆదివారం ఆరాధన తర్వాత కూతురింటికి భోజనానికి వస్తుంది. తిరిగి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ప్లంబరు ఎవరూ చూడకుండా రెండు వంద నోట్లు ఆ సంచీలో పడేసేవాడు. ఆవిడ ఒక్కసారి కూడా వద్దనలేదు.

"దేవుడు నిన్ను దీవించును గాక, అల్లుడూ" అని, పిన్నీసు పెట్టుకుని వెళ్లిపోయేది.

పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటు ఇది. తొమ్మిదేళ్లయింది. "పాపం, నేనుండబట్టి గానీ" అని ప్లంబరు ఛాతీ విరుచుకునేవాడు.

ఇలా ఉండగా ఒకసారి ఊరికి ఆ చివర నుంచి ఫోను వచ్చింది. ఎవరో టీచరమ్మ. హార్డ్‌వేరు షాపువాళ్లు నంబరిచ్చారట. వెళ్లి చూస్తే ఒకే కప్పు కింద నాలుగు వాటాలు, ముందు పొడుగాటి వసారా, పక్కనే మెట్లు. నాలుగింటిలోనూ అద్దెకున్నవాళ్లే. పైపులు తుప్పుపట్టి, కుళాయిలో ఎర్రనీళ్లు వస్తున్నాయి. మూడు రోజుల పని. పాత పైపులు పీకేసి కొత్తవి వేశాడు, ఇత్తడి కుళాయిలు బిగించాడు. నాలుగు వాటాలవాళ్లూ బిందెలు పట్టుకుని నిలబడి, తెల్లటి నీళ్లు పడగానే చప్పట్లు కొట్టారు.

"డబ్బెవరిస్తారమ్మా?" అని అడిగాడు.

"ఓనరమ్మ ఇస్తుందండీ. పెద్దావిడ. మీరు బిల్లు రాసివ్వండి, నేను అందజేస్తాను. చాలా మంచి మనిషి. ఆవిడ అద్దె పెంచితే, ఇంత తక్కువా అని మాకే సిగ్గేస్తుంది" అంది టీచరమ్మ.

ఆ వారమే ప్లంబరు ఒక వ్యాను చూసి వచ్చాడు. వాడిన బండే గానీ పైన నిచ్చెన పెట్టుకోవడానికి కమ్మీలు కూడా ఉన్నాయి. మంగళవారంలోగా అడ్వాన్సు కడితే ఆపుతానన్నాడు అమ్మేవాడు. బిల్లు పుస్తకం మోకాలి మీద పెట్టుకుని కూర్చున్న ప్లంబరు కళ్ల ముందు ఆ కమ్మీలే కదిలాయి. పన్నెండు పైపులు ఇరవై అయ్యాయి. ఎనిమిది కుళాయిలు పన్నెండయ్యాయి. మొత్తం మీద నాలుగు వేలు ఎక్కువ పడింది. ఎప్పుడో అరా కొరా అటూ ఇటూ రాసినవాడే గానీ ఇంత బాహాటంగా ఎన్నడూ రాయలేదు. నాలుగు వాటాల ఆసామికి నాలుగు వేలు ఒక లెక్కా అనుకున్నాడు. అంతటితో ఆగలేదు, తన ప్రార్థనకు జవాబు ఇలా వచ్చిందేమోనని కూడా అనుకున్నాడు.

రెండు రోజుల్లో టీచరమ్మ కవరు తెచ్చి ఇచ్చింది. రాసిన మొత్తం పైసా తగ్గకుండా ఉంది. పైన రెండు వందలు ఎక్కువే ఉంది. దాంతోపాటు ఒక చీటీ. "ఆవిడ చెబితే నేనే రాశాను" అంది టీచరమ్మ. చీటీలో ఇలా ఉంది: "పని బాగా చేశారు. మా వాళ్లు ఇప్పుడు మంచినీళ్లు హాయిగా తాగుతున్నారు. పైన ఇచ్చింది మీ పిల్లలకు. దేవుడు మీ కష్టాన్ని దీవించును గాక."

ఆ చీటీ లేకపోతే ఏ గొడవా ఉండేది కాదు. తిట్టినా, బేరమాడినా, పది రోజులు తిప్పించుకున్నా హాయిగా ఉండేది. ఏ కష్టాన్ని దీవించమని ప్రార్థించింది ఆ మహాతల్లి? వేసిన పన్నెండు పైపుల కష్టాన్నా, వెయ్యని ఎనిమిది పైపుల కష్టాన్నా?

ఆ ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకుంటే గొంతు పెగల్లేదు. కిటికీ అద్దాలు కదల్లేదు. బయట పాస్టరుగారు చెయ్యి కలుపుతూ "జలుబు చేసిందా తమ్ముడూ?" అని అడిగారు. "అవునండీ" అన్నాడు, ఇంకో అబద్ధం కలిపి. ఇంట్లో భోజనాల దగ్గర అత్తగారు ఎప్పటిలాగే తలొంచుకుని తింది. వెళ్లేటప్పుడు అతను సంచీలో నోట్లు వేస్తే, "దేవుడు నిన్ను దీవించును గాక, అల్లుడూ" అంది. ఆ మాట వినగానే అతనికి చురుక్కుమంది. "ఈ ఊళ్లో పెద్దావిడలందరూ కూడబలుక్కుని నన్నే దీవిస్తున్నారేమిటి?" అని గొణుక్కున్నాడు.

సోమవారం నాలుగు వేలూ జేబులో పెట్టుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్లాడు. "లెక్కలో పొరపాటు పడింది, ఓనరమ్మకు ఇచ్చెయ్యాలి" అన్నాడు.

"నాకొద్దండీ, మీరే ఇవ్వండి. ఒకటో తారీఖు పదింటికి తప్పకుండా వస్తుంది" అంది ఆవిడ.

మంగళవారం వెళ్లిపోయింది. వ్యాను వేరేవాళ్లు కొనుక్కుపోయారు. ఒకటో తారీఖు పొద్దున తొమ్మిదిన్నరకే ప్లంబరు ఆ మెట్ల మీద కూర్చున్నాడు. ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకుని, నాలుగూ బాగాలేవని ఐదోది అల్లుకుంటున్నాడు. సరిగ్గా పదింటికి గేటు కిర్రుమంది. తలెత్తి చూస్తే, పిన్నీసు పెట్టిన సంచీ, అట్టలు మార్పించిన చెప్పులు.

ప్లంబరు గుండె తరుక్కుపోయింది. గబగబా ఎదురెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"అత్తయ్యా! ఈ వయసులో ఇంతదూరం వచ్చి ఇక్కడ పాచిపని చేస్తున్నారా? నాతో ఒక్క మాట చెబితే ఏం పోయింది? నేను చచ్చానా? పదండి ఇంటికి. ఆ ఓనరు ఎవరో గానీ రానివ్వండి, నేను మాట్లాడతాను!"

ఇంతలో టీచరమ్మ వసారాలోకి వచ్చింది. "వచ్చారామ్మా! ఈయనే ప్లంబరు. మీతో ఏదో మాట్లాడాలట." ఆమె ప్లంబరు వైపు తిరిగి, "ఓనరమ్మండీ" అంది.

ప్లంబరు మెట్టు మీద కూలబడ్డాడు. అత్తగారు పక్కనే కూర్చుంది. ఎదురుగా కుళాయి కింద ఎవరో కూరగాయలు కడుక్కుంటున్నారు. నీళ్లు ధారగా పడుతున్నాయి. అతను వేసిన పైపులే. జేబులోంచి నాలుగు వేలు తీసి ఆవిడ ఒళ్లో పెట్టాడు. అల్లుకున్న ఐదు రకాల మాటలూ పక్కన పెట్టేశాడు.

"తప్పు చేశాను అత్తయ్యా. ఎక్కువ రాశాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"బిల్లు చూసినప్పుడే. ఇత్తడి కుళాయిల్ని 'ఇతడి కుళాయిలు' అని రాసేవాడు ఈ ఊరు మొత్తానికి నువ్వొక్కడివే. ఎవడి కుళాయిల గురించి రాశాడు వీడు అని కాసేపు నవ్వుకున్నాను. తర్వాత వచ్చి పైపులు లెక్కపెట్టుకున్నాను. అప్పుడు నవ్వు రాలేదు."

"మరి తెలిసి కూడా ఎందుకిచ్చారు?"

"నువ్వొస్తావని."

"రాకపోయుంటే?"

"ఇంకా చూసేదాన్ని. నాకు ఎదురుచూడటం అలవాటే."

ఆవిడ నాలుగు వేలూ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి సంచీలో వేసుకుంది. "పరవాలేదు, ఉంచుకో" అంటుందేమోనని ఒక మూల ఆశపడిన ప్లంబరుకు, అలా అనకపోవడమే మంచిదనిపించింది. గుండె మీద నుంచి బండ దిగింది.

"ఇదంతా ఎప్పుడు కట్టారు అత్తయ్యా? లాండ్రీ జీతంతోనా?"

"జీతంతోనే. నా పెళ్లయిన ఐదో ఏడు ఇక్కడ స్థలం వాయిదాల మీద కొన్నాం. అప్పుడిక్కడ ముళ్లకంపలు తప్ప ఏమీ లేవు, అందరూ నవ్వారు. మీ మామగారు పోయాక మొదటి గది కట్టాను. దానికి తొమ్మిదేళ్లు పట్టింది. దాని అద్దె నేను ముట్టుకోలేదు. ఐదేళ్లకు అదే రెండో గదిని కంది. ఆ రెండూ కలిసి నాలుగేళ్లలో మిగతా రెండింటినీ కన్నాయి. నేను దుప్పట్లు ఉతుకుతూనే ఉన్నాను, గదులు వాటి పని అవి చూసుకున్నాయి."

ప్లంబరు నోరు వెళ్లబెట్టి వింటున్నాడు. "నేను రోజూ ప్రార్థన చేస్తూనే ఉన్నాను అత్తయ్యా, ఒక్కసారి పెద్ద మొత్తం ఇమ్మని. నాకెందుకివ్వలేదు?"

"నేనూ ప్రార్థన చేశాను. పొద్దున్నే లేచి, ఇవాళ చేతికొచ్చింది పాడుచెయ్యకుండా బుద్ధి ఇయ్యి ప్రభువా అని. ఆయన నీకూ రోజూ ఇస్తూనే ఉన్నాడు అల్లుడూ. నా జీతానికి మూడింతలిచ్చాడు నీకు. మనం ఆయన సొత్తు చూసుకునే గుమాస్తాలం. గుమాస్తా ఉన్నదాని లెక్క చెప్పకుండా, ఇంకా పంపమని ఉత్తరాలు రాస్తే ఏ యజమాని పంపుతాడు? జీతం రాగానే ముందు ప్రభువు భాగం తీసేదాన్ని. తర్వాత రేపటి భాగం. మిగిలిందాంతో నవ్వుతూ బతికాను. ఏడుస్తూ దాచుకునేది నాకు చేతకాదు."

ఆవిడ సంచీ అడుగునుంచి ఒక బ్యాంకు పుస్తకం తీసి అతని చేతికిచ్చింది. ఖాతా అతని భార్య పేరున ఉంది. తొమ్మిదేళ్లుగా ప్రతి నెలా జమ. ఎనిమిది వందలు, ఎనిమిది వందలు, ఐదు ఆదివారాలొచ్చిన నెల వెయ్యి. చివర లక్షా పద్దెనిమిది వేల చిల్లర.

"ఇదేమిటి?"

"నువ్వు నా మీద పడ్డ జాలి. వడ్డీతో సహా."

అతనికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, వెంటనే వ్యాను గుర్తొచ్చింది. "అత్తయ్యా! దీంతో రేపే ఒక..."

ఆవిడ పుస్తకం లాక్కుని సంచీలో పెట్టి పిన్నీసు పెట్టేసింది. "ఇది నేను కూడబెట్టింది. నీ చేత్తో ఇంతే మొత్తం కూడబెట్టి తీసుకురా. ఆ రోజు ఇది నీ చేతిలో పెడతాను. అప్పటిదాకా దీని ఊసెత్తకు."

ఇంటికెళ్లి భార్యను నిలదీశాడు. "మీ అమ్మకు నాలుగు వాటాలున్నాయని నీకు తెలుసా?"

"తెలుసు" అంది ఆవిడ, బట్టలు మడతపెడుతూ.

"తెలిసి నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే మర్నాడే ఏ బండ్ల షాపు ముందో నిలబడేవారు. అత్తగారికి ఆస్తి ఉందని ఊరందరికీ టీ ఇప్పించేవారు. కాదంటారా?"

అతను వెళ్లి రెండు ఖాళీ కవర్లు తెచ్చి టేబులు మీద పెట్టాడు.

మొదటి నెల మహా ఉత్సాహంగా సాగింది. పని నుంచి రాగానే డబ్బు టేబులు మీద పెట్టి, ప్రభువు భాగం ఒక కవరులో, రేపటి భాగం ఇంకో కవరులో వేసేవాడు. కూతురు కవర్ల మీద బొమ్మలు గీసింది. రెండో నెల మూడో వారంలో చిన్ననాటి స్నేహితులు కలిశారు. పదకొండు మందికి భోజనం పెట్టించి, రేపటి కవరు ఇవాళే ఖాళీ చేసి వచ్చాడు. ఆదివారం అత్తగారికి ఎదురుపడలేక వంటింట్లో నక్కాడు. ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎంత పోయింది?"

చెప్పాడు.

"భోజనం బాగుందా?"

"బాగుందత్తయ్యా."

"అయితే సరే. రేపు మళ్లీ మొదలుపెట్టు."

తిడితే ఎదురు చెప్పేవాడే. తిట్టలేదు కాబట్టి మళ్లీ మొదలుపెట్టాడు. లాటరీ టికెట్టు మానేశాడు. అది మానడం అన్నిటికంటే కష్టమైంది. మొదట్లో ఆ కొట్టు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవాడు.

రెండో ఏడాది ఒక సంగతి జరిగింది. సంఘంలో పెయింటరు ఒకాయన నిచ్చెన మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మూడు నెలలు పనికి వెళ్లలేడు, ఇంట్లో ముగ్గురు పిల్లలు. పూర్వమైతే ప్లంబరు ఆరాధనలోనే లేచి నిలబడి, లేని డబ్బు ఇస్తానని, సాయంత్రానికి ఎవరి దగ్గరో అప్పు తెచ్చి ఇచ్చి, నెలరోజులు భార్యతో మాటలు పడేవాడు. ఈసారి లేచి నిలబడలేదు. ఇంటికొచ్చి కవర్లు తీసి చూసుకున్నాడు. మధ్యలో అత్తగారి సలహా మీద మూడో కవరు ఒకటి మొదలుపెట్టాడు, అడిగినవాళ్లకు ఇవ్వడానికని. అందులో పెయింటరు ఇంటికి మూడు నెలల అద్దె కట్టేంత ఉంది. తీసుకెళ్లి ఇచ్చాడు. తిరిగి వస్తుంటే చిత్రంగా అనిపించింది. జీవితమంతా ఇస్తూనే ఉన్నాడు గానీ, ఇచ్చాక గుండెలో దడ లేకపోవడం ఇదే మొదటిసారి. ఎవరికీ బాకీ లేదు, భార్యకు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. దారిపొడుగునా గొంతెత్తి పాడుకుంటూ వచ్చాడు. వీధి కుక్కలు రెండు వెంటబడ్డాయి.

లెక్క సరిపడేసరికి మూడేళ్ల రెండు నెలలు పట్టింది. తన బ్యాంకు పుస్తకం తీసుకుని, భార్యనూ కూతుర్నీ వెంటబెట్టుకుని అత్తగారి గదికి వెళ్లాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ప్రతి పేజీ చదివింది. ఖాళీగా ఉన్న రెండు నెలల దగ్గర వేలు పెట్టి, "ఇక్కడేమైంది?" అంది. "స్నేహితులు" అన్నాడు. "ఇక్కడ?" "పంటి నొప్పి." సరేనని తన పుస్తకం తెచ్చి అతని పుస్తకం మీద పెట్టింది.

"ఇంకేం, వ్యాను కొనుక్కో."

ప్లంబరు తల గీరుకున్నాడు. "వ్యాను కాదత్తయ్యా. బస్టాండు పక్కన చిన్న షాపు అద్దెకుంది. పైపులు, కుళాయిలు నేనే పెట్టి అమ్ముకుంటే, ఆ లాభం మనకే ఉంటుంది కదా. నాలుగైదేళ్లలో ఆ షాపు మనమే కొనెయ్యొచ్చు. మూడు నెలలుగా ఆ దారిలో నిలబడి ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టాను."

అత్తగారు కళ్లజోడు తీసి, కూతురి వైపు చూసింది. ప్లంబరు భార్య భుజాలెగరేసింది, "నాకూ నిన్ననే చెప్పారమ్మా" అన్నట్టు. అప్పుడా పెద్దావిడ పకపకా నవ్వింది. ప్లంబరు ఆవిడ అంతలా నవ్వడం ఎప్పుడూ చూడలేదు. ముందున్న రెండు పళ్లు లేవని కూడా అప్పుడే తెలిసింది.

షాపు తెరిచిన రోజు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. అరువు తెచ్చిన సరుకు ఒక్కటి కూడా లేదు. అన్నీ నగదు పోసి కొన్నవే, అందుకే అరలు సగం ఖాళీగా ఉన్నాయి. పెయింటరు ఉచితంగా బోర్డు రాసిచ్చాడు. అక్షర దోషాలు లేకుండా చూసుకోవడానికి టీచరమ్మ స్టూలు వేసుకుని పక్కనే కూర్చుంది. గల్లాపెట్టె దగ్గర కుర్చీలో అత్తగారు కూర్చుంది, దింపడం ఎవరి వల్లా కాలేదు.

మొదటి బేరానికి కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. అరలో అన్నిటికంటే పైన మెరుస్తున్న పెద్ద షవరు చూపించి, అది కావాలన్నాడు ఆ కుర్రాడు. భార్య ఆ ధర చూసి అతని మోచెయ్యి గిల్లింది.

"సొంతిల్లా, అద్దిల్లా?" అనడిగాడు ప్లంబరు.

"అద్దెదే అండీ. ఒక్క గది."

"నీళ్లు పైన ట్యాంకు నుంచా, వీధి పైపు నుంచా?"

"వీధి పైపు నుంచే."

"అయితే ఇది మీకెందుకు బాబూ? ఈ షవరుకు పైనుంచి నీళ్ల ఒత్తిడి ఉండాలి. మీ ఇంట్లో బిగిస్తే చుక్క చుక్క పడుతుంది. ఇదిగో, ఈ చిన్నది తీసుకో, పదో వంతు ధర. మిగిలింది మీ ఆవిడ చేతికివ్వు. ఎలా దాచాలో కావాలంటే కూర్చో, చెబుతాను..."

అరగంటసేపు చెప్పాడు. కవర్లు తీసి చూపించాడు. ఆ జంట చిన్న షవరు కొనుక్కుని, వందనాలు చెప్పి, నవ్వుకుంటూ వెళ్లారు. ప్లంబరు ఉప్పొంగిపోతూ అత్తగారి వైపు తిరిగాడు, మెచ్చుకుంటుందని.

ఆవిడ గల్లాపెట్టెలో పడ్డ ఒకే ఒక్క నోటు వంక చూస్తోంది.

"ఓపిక నేర్పాను గానీ అల్లుడూ, వ్యాపారం మానుకోమని చెప్పలేదు నీకు" అంది. "కనీసం రెండు కుళాయిలైనా అంటగట్టలేకపోయావా?"

షాపులో ఉన్నవాళ్లందరూ గొల్లుమన్నారు. పాస్టరుగారైతే నవ్వలేక పొట్ట పట్టుకున్నారు. ప్లంబరు చెంపలు తడుముకుంటూ గుమ్మం వైపు చూశాడు. చేతిలో విరిగిన పైపు ముక్క పట్టుకుని ఇంకొకాయన మెట్లెక్కుతున్నాడు.

"రండి రండి" అన్నాడు ప్లంబరు, ఈసారి రెండు కుళాయిలు ముందే చేతిలోకి తీసుకుని.